పి0016: ఆటోనగర్‌లో ఒక పరీక్ష

పి0016 కోడ్‌కు అర్థం ఒక్కటే: క్రాంక్‌షాఫ్ట్ సెన్సర్ చెప్పే స్థానానికీ, క్యామ్‌షాఫ్ట్ సెన్సర్ చెప్పే స్థానానికీ పొంతన కుదరడం లేదు. ఏ భాగం చెడిందో ఆ కోడ్ చెప్పదు. విజయవాడ ఆటోనగర్‌లో మేం వెళ్ళిన షెడ్డులో ఒక పెట్రోల్ ఎస్‌యూవీ ఈ కోడ్‌తోనే నిలిచి ఉంది. అంతకుముందు వేరేచోట క్యామ్ సెన్సర్ మార్చారు, చెక్ లైట్ మళ్ళీ వెలిగింది.

కోడ్‌లో పి అక్షరం ఇంజిన్, గేర్‌బాక్సుల విభాగానిది. పక్కనున్న సున్నా అది అన్ని కంపెనీలకూ ఉమ్మడి కోడ్ అని తెలుపుతుంది. పి0016 మొదటి బ్యాంకులో, అంటే మొదటి సిలిండర్ల వరసలో, సాధారణంగా ఇన్‌టేక్ క్యామ్‌ది, పి0017 ఎగ్జాస్ట్ క్యామ్‌ది. పి0018, పి0019 రెండో బ్యాంకువి. నాలుగు సిలిండర్లు ఒకే వరసలో ఉండే ఇంజిన్‌కు రెండో బ్యాంకే లేదు. పి0011 వస్తే క్యామ్ ఉండాల్సిన చోటికన్నా ముందుకు జరిగిందని, పి0012 వస్తే వెనకబడిందని అర్థం. పి0335, పి0340 క్రాంక్, క్యామ్ సెన్సర్ల సర్క్యూట్ లోపాలు. వీటిని టైమింగ్ కోడ్‌లతో కలిపేసుకోవడం వల్లే అనవసరంగా సెన్సర్లు మారుతుంటాయి.

క్రాంక్ రెండుసార్లు తిరిగితే క్యామ్ ఒకసారి తిరగాలి. ఆ ఎస్‌యూవీలో ఈ లెక్కను నిలబెట్టేది టైమింగ్ చైన్. దానికి తోడు, వాల్వులు తెరుచుకునే వేళను వేగానికి తగ్గట్టు జరిపే ఫేజర్ ఒకటి ఉంటుంది. చాలా ఇంజిన్లలో అది ఆయిల్ ఒత్తిడితోనే కదులుతుంది. చైన్ బిగువు నిలిపే టెన్షనర్‌కూ తరచుగా ఆయిలే ఆధారం. అందుకే షెడ్డులో మెకానిక్ స్కానర్ కంటే ముందు డిప్‌స్టిక్ తీశాడు. అది సరైన క్రమం. ఆయిల్ తగ్గినా, మడ్డి పట్టినా, సరిపడని గ్రేడ్ పోసినా ఇవే కోడ్‌లు రావచ్చు. ఆ బండిలో ఆయిల్ కనీస గీత కిందికి పోయింది.

తర్వాత ఫేజర్‌కు ఆయిల్ పంపే కంట్రోల్ వాల్వ్ సోలినాయిడ్ విప్పి జల్లెడ చూశారు, వైరింగ్ కనెక్టర్లు కదిపి చూశారు. అక్కడ దోషం దొరకలేదు. ఆసిలోస్కోప్‌లో రెండు సెన్సర్ల తరంగాలను ఒకదాని కింద ఒకటి పెట్టి, అదే మోడల్ మంచి బండి తరంగాలతో పోల్చినప్పుడు క్యామ్ గుర్తు పక్కకు జరిగినట్టు తేలింది. పొద్దున్నే మొదటి స్టార్ట్‌లో వినిపించే గరగర శబ్దమూ దానికి సరిపోయింది. కవర్ విప్పితే టెన్షనర్ చివరిదాకా బయటికి వచ్చి ఉంది. చైన్ సాగిందని వాడుకలో అంటారు. నిజానికి లింకుల పిన్నులూ బుష్‌లూ కొద్దికొద్దిగా అరిగి, ఆ అరుగుదలంతా కలిసి పొడవవుతుంది.

ఇలాంటి అరుగుదలకు అమెరికాలో పేరుమోసిన ఉదాహరణ జనరల్ మోటార్స్ 3.6 లీటర్ల వీ6. షెవ్రొలే ట్రావర్స్, జీఎంసీ అకేడియా, బ్యూక్ ఎన్‌క్లేవ్ వంటి మూడు వరసల సీట్ల ఎస్‌యూవీల్లో, ముఖ్యంగా 2007–2009 మోడళ్లలో, పి0008తో పాటు పి0016 నుంచి పి0019 దాకా కోడ్‌లు వచ్చాయి. కంపెనీ ఆయిల్ మార్చే గడువును లెక్కకట్టే సాఫ్ట్‌వేర్‌ను సవరించి ఆ గడువును తగ్గించింది. ఆయిల్‌కూ చైన్‌కూ ఉన్న సంబంధానికి ఇంతకన్నా బలమైన సాక్ష్యం అక్కర్లేదు.

చైన్ ఒక్కటే మార్చడం చాలదు. టెన్షనర్, గైడ్లు, అరిగిన పళ్ళచక్రాలు కూడా మార్చాలి. ఈలోగా బండిని నడపకూడదు. చైన్ పన్ను దాటితే, ఇంటర్‌ఫియరెన్స్ రకం ఇంజిన్‌లో వాల్వులు పిస్టన్‌కు తగిలి వంగిపోతాయి. బిగింపు పూర్తయ్యాక కొన్ని మోడళ్లలో స్కానర్‌తో క్రాంక్ స్థానాన్ని కంప్యూటర్‌కు కొత్తగా నేర్పించాలి. కోడ్‌ను తుడిచేసి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, బాగా వేడెక్కాక మరోసారి నడిపి, కోడ్ తిరిగి రాలేదని తేలాకే పని ముగిసినట్టు.