ఉడుంపట్టు

ఇంటికో వైఫై డబ్బా అన్న కాలం పాతబడి, అర్రకో డబ్బా పెట్టుకునే కాలం వచ్చింది. దానికి మెష్ అని పేరు. మా నస్రుల్లాబాద్ 2016లో మండల కేంద్రమయిందే గాని పట్నం కాలేదు. నిజాంసాగర్ నీళ్లు, వరిపొలాలు, మూరెడు మందం మట్టిగోడలు. ఆ గోడలు దాటి రావడం 5 గిగాహెర్ట్జ్ తరంగాల తరం కాదు. 2.4 కాస్త నయం, కాని వేగం తక్కువ. అంచేత మా యింట్లో ముందరి గదిలో ఒకటి, నడిమి అర్రలో ఒకటి, వంటింట్లో ఒకటి డబ్బాలు వెలిశాయి. మూడింటికీ పేరొకటే. మనిషి నడుస్తూంటే ఫోను ఒకదాని చెయ్యి వదలి మరొకదాని చెయ్యి పట్టుకోవాలి. పట్టుకుంటే యీ వ్యాసమే లేదు!

మా తమ్ముడు కువైట్‌లో వుంటాడు. శుక్రవారం సెలవు గనక ఆ రోజు వీడియోలో మాట్లాడతాడు. అమ్మకు ఒకచోట కూచుని మాట్లాడడం చాతకాదు. ముందరి గది నుంచి పెరటిదాకా నడిచి, జామచెట్టు చూపించందే ఆమెకు మాట్లాడినట్టుండదు. సరిగ్గా వంటింటి గడప దాటేసరికి తమ్ముడి ముఖం బిగుసుకుపోయేది, మాట తెగిపోయేది. మూడు వారాలు ఇదే వరస.

"నా ముచ్చట్లు వానికి విసుగొస్తున్నయ్ బిడ్డా, మధ్యల్నే పెట్టేస్తున్నడు" అంది అమ్మ. నాలుగో శుక్రవారం ఫోను మోగితే, "నువ్వే మాట్లాడు" అని నా చేతికిచ్చి, బియ్యం చాట ముందేసుకుని కూచుంది. వాడి తప్పు లేదని ఎంత చెప్పినా లాభం లేకపోయింది.

డబ్బా చెడిందా, మారడంలో చిక్కుందా అన్నది ముందు తేల్చుకోవాలి. వంటింటి డబ్బా పక్కనే నిలబడి, ఫోనులో వైఫై ఆపి మళ్లీ పెట్టాను. మాట ఖంగుమంది. అంటే డబ్బా మంచిదే. ఈసారి ముందరి గది నుంచి మాట్లాడుతూ నడిచాను. మెష్ యాప్‌లో చూస్తే మూడు డబ్బాల్లో దేనికిందా అమ్మ ఫోను లేదు! మరి ఎవరింట్లో వున్నట్టు?

దొంగ దొరికాడు. ఇంటర్నెట్టు తెచ్చిన మోడెము కూడా అదే పేరుతో, అదే పాస్‌వర్డుతో వైఫై వెదజల్లుతూంది. అది మెష్ జట్టులోది కాదు. దాన్ని వదలి మెష్‌లోకి అడుగుపెడితే ఫోను చిరునామాయే మారిపోతుంది. నడుస్తున్న మాట పాత చిరునామా దగ్గరే ఆగిపోతుంది. మోడెములో వైఫై ఆపేశాను.

సగం జబ్బు నయమయింది. గడప దగ్గర తెగడం పోయింది గాని, పెరట్లో మాట ముక్కలు ముక్కలుగా వచ్చేది. వంటింటి డబ్బా ఎదుటే వున్నా ఫోను ముందరి గది డబ్బాను ఉడుంలా పట్టుకు వేలాడుతూంది. ఇక్కడ అందరూ డబ్బాను తిడతారు. పాపం, దానికి అధికారం లేదు. ఎప్పుడు మారాలో నిర్ణయించుకునేది ఫోనే. ఆపిల్ ఫోన్లయితే సంకేతం మైనస్ 70 డీబీఎం కన్న దిగజారేదాకా మరోదాన్ని వెతకవు. వెతికినా, మాట నడుస్తున్నపుడు కొత్తది 8 డెసిబెల్‌లు ఎక్కువ బలంగా వుంటేనే మొగ్గుతాయి. 2011లో వచ్చిన 802.11వి అనే ఏర్పాటు వల్ల డబ్బా "అటు వెళ్లరాదుటయ్యా" అని సలహా చెప్పగలదు, అంతే. మా వ్యాకరణం భాషలో ఉత్వసంధిలా నిత్యం కాదు, ఏమ్యాదుల ఇత్వసంధిలా వైకల్పికం. 2008 నాటి 802.11ఆర్ మారడాన్ని వేగిరపరుస్తుంది. పాత ఫోన్లు కొన్ని దానితో పొసగక అసలు చేరనే చేరవు.

బిగించిన కుర్రాడు నడిమి డబ్బాను ఇనప బీరువా వెనక పెట్టి పోయాడు. దాన్ని తలుపుకెదురుగా గూట్లోకి మార్చాను. ముందరి డబ్బా బలం తగ్గించాను. తగ్గిస్తే బాగుపడడమేమిటంటారా? పాతది దూరానికి కూడా గట్టిగా వినిపిస్తూంటే ఫోను దాన్నెందుకు వదులుతుంది?

ఆ శుక్రవారం అమ్మను బతిమాలి ఫోను పట్టించాను. గడప దాటింది, పెరడు చేరింది, జామకాయలు లెక్కపెట్టి చూపించింది. నలభై నిమిషాలయింది. చివరికి తమ్ముడే, "పనున్నదమ్మా, పెట్టేస్తున్న" అన్నాడు.

"పెట్టెయ్ బిడ్డా, పెట్టెయ్" అంది అమ్మ.