పదో తరగతి తరువాత దారి

ఊరి పిల్లల చదువుకు సాయం చేద్దామని పిట్స్‌బర్గ్‌లో మా అనకాపల్లి వైపు వాళ్ళం కలిసినప్పుడల్లా మొదట వచ్చే మాట ఒకటే: "పదో తరగతిలో మంచి మార్కులు ఎవరికొచ్చాయో కనుక్కోండి." ఆ మాట ఎందుకొస్తుందో నాకు తెలుసు. ఇక్కడ స్థిరపడ్డవాళ్ళలో చాలామందిని ఊరు దాటించింది ఆ మార్కులే. కానీ కొన్నాళ్ళుగా ఆ జాబితా చేతికి రాగానే, అందులో లేని పేర్లే నాకు గుర్తొస్తున్నాయి.

మా అమ్మ పుట్టిల్లు అచ్యుతాపురం దగ్గర. నా చిన్నప్పుడు అది అనకాపల్లి నుంచి పూడిమడక రేవుకు పోయే దారిలో ఒక కూడలి. జీడి తోటలు, సరుగుడు తోపులు, పొద్దున్నే చేపల గంపలతో బస్సెక్కే ఆడవాళ్ళు. ఇప్పుడక్కడ ప్రత్యేక ఆర్థిక మండలి ఉంది. బ్రాండిక్స్ వారి దుస్తుల నగరంలో వేలాదిమంది ఆడవాళ్ళు పనిచేస్తున్నారు. మందుల కంపెనీలు వచ్చాయి. భూములిచ్చిన ఊళ్ళు పునరావాస కాలనీలుగా మారాయి. 2022లో కొత్త జిల్లాలు ఏర్పడ్డాక మండలం అనకాపల్లి జిల్లాలో చేరింది గానీ, అక్కడివాళ్ళకు పట్నం అంటే ఇప్పటికీ విశాఖపట్నమే. 2024 ఆగస్టు 21న ఒక మందుల కంపెనీలో పేలుడు జరిగి 17 మంది చనిపోయిన రోజు, మాకిక్కడ తెల్లవారకముందే ఫోన్లు మోగాయి.

కంపెనీ పనిని నేను తక్కువ చేయను. కూలికి వెళ్ళి బతికిన తల్లికి కూతురు నెలజీతం తెచ్చి చేతిలో పెట్టడం చిన్న సంగతి కాదు. నా బెంగ దానికి ముందటి రెండుమూడేళ్ళ గురించి. పదో తరగతి పదిహేనేళ్ళకు అయిపోతుంది. కంపెనీ గేటు పద్దెనిమిదికి గానీ తెరుచుకోదు. ఆ మధ్యకాలంలోనే చదువు జారిపోతోంది. ఆడపిల్ల ఇంటర్‌లో చేరుతుంది, కొన్నాళ్ళు వెళుతుంది, ఒక పండక్కి ఇంటికొచ్చి మళ్ళీ వెళ్ళదు. ఎవరూ మానిపించరు, ఎవరూ అడగరు.

కిందటిసారి వెళ్ళినప్పుడు ఒక కాలనీలో అలాంటి పిల్ల తల్లితో మాట్లాడాను. ఫీజు కట్టలేకనే మానేసిందేమోననుకుని అదే అడిగాను.

"ఫీజు మాట కాదమ్మా," అంది ఆవిడ. "కాలేజీ ఒగ్గితే బస్సు దొరికి ఇల్లు సేరీసరికి సీకటి పడిపోతంది. దార్లో లారీలే లారీలు. ఒక్కర్తినీ ఎలా అంపగలం సెప్పు? తోడుండే పిల్ల మానేసింది, ఇదీ మానేసింది."

తల్లుల ఖాతాలో ప్రభుత్వం ఏటా డబ్బు వేస్తోంది. బడిలో మధ్యాహ్నం అన్నం పెడుతోంది, పుస్తకాలిస్తోంది. అయినా ఆ పిల్ల చదువు ఒక బస్సు దగ్గరా ఒక స్నేహితురాలి దగ్గరా ఆగిపోయింది. మేం ఏటా పంపే స్కాలర్‌షిప్పు ఆ ఇంటి గుమ్మం దాకా చేరనే లేదు, ఎందుకంటే ఆ పిల్ల మార్కులు నడిమిరకం.

పరాయి పిల్లల చదువును తమదిగా చూసుకోవడం మనకు కొత్త కాదు. వారాలు చేసుకుని, రోజుకో ఇంట్లో తిని పెద్దవాళ్ళయిన వారి గురించి వింటూ పెరిగాం. ఆ అన్నానికి దండం పెట్టాలి. కానీ అది ఎక్కువగా కొన్ని కులాల మగపిల్లలకే దొరికింది. ఆడపిల్లకు వారమిచ్చిన ఇల్లు ఉన్నట్టు నేను వినలేదు. ఇవాళ సాయం చేసేవాళ్ళం ఆ గిరి దాటాలి.

దాటిన మనిషి అచ్యుతాపురం చుట్టుపక్కలే ఉండేవారు. రాంబిల్లి మండలం దిమిలికి చెందిన భాగవతుల పరమేశ్వరరావు గారు పెన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో అణు రసాయన శాస్త్రంలో డాక్టరేట్ చేశారు. మా ఇంటి నుంచి ఆ విశ్వవిద్యాలయం మూడు గంటల దారి. 1960లలో ఆయన ఇండియా తిరిగి వెళ్ళి, పెద్ద ఉద్యోగం వైపు పోకుండా సొంతూరు చేరారు. మొదట పట్టుకున్నది ఊరికి హైస్కూలు. ఒక తెలివైన కుర్రాణ్ణి ఏరి పట్నం పంపడం గురించి కాదు, ఊళ్ళోనే బడి ఉండడం గురించి ఆలోచించారు. ఊరివాళ్ళను కూడగట్టారు. 1976లో యలమంచిలి కేంద్రంగా భాగవతుల చారిటబుల్ ట్రస్టు పెట్టారు. 

చదువుతో మొదలైన ట్రస్టు ఆడవాళ్ళ పొదుపు సంఘాల్లోకి, బంజరు నేలల్లో చెట్ల పెంపకంలోకి, హరిపురంలో కృషి విజ్ఞాన కేంద్రంలోకి ఎందుకు వెళ్ళిందో నాకు మొదట్లో అర్థం కాలేదు. ఆ తల్లి మాటలు విన్నాక అర్థమైంది. ఇంట్లో గింజలుంటేనే పిల్ల బడిలో ఉంటుంది. తల్లి చేతిలో నాలుగు రూపాయలు ఆడితేనే కూతురి చదువు గురించి తల్లి మాట చెల్లుతుంది.

తెలంగాణ వైపు ఎం.వి. ఫౌండేషన్ కూడా పిల్లల్ని ఏరలేదు. మామిడిపూడి వెంకటరంగయ్య పేరిట 1981లో మొదలైన ఆ సంస్థ, శాంతా సిన్హా నాయకత్వంలో 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పనిచేసింది. బడికి రాని ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్నది వాళ్ళ లెక్క. పశువులు కాసేవాళ్ళనీ, పత్తి చేలలో పనిచేసేవాళ్ళనీ శిబిరాల్లో ఉంచి, వయసుకు తగ్గ తరగతికి సిద్ధం చేసి, మామూలు సర్కారు బడికే పంపారు. 2003లో శాంతా సిన్హాకు మెగసెసే పురస్కారం వచ్చింది. ఆ పని నిలబడింది మాత్రం ఇంటింటికీ తిరిగిన ఊరి యువతీ యువకుల కాళ్ళ మీద.

అలా ఇంటింటికీ తిరిగే మనిషికి జీతమిచ్చేందుకు విదేశాల్లో ఉన్న దాతలు తేలిగ్గా ఒప్పుకోరు. కంప్యూటర్లు కొనమంటే కొంటారు, గది కడితే పేరు చెక్కించుకుంటారు. "జీతాలకా?" అని మాత్రం ముఖం చిట్లిస్తారు. కానీ ఆ మనిషి లేకపోతే, పదో తరగతి ఫలితాలు రాగానే ట్రిపుల్ ఐటీ దరఖాస్తుకు గడువు ఎప్పుడో చెప్పేవాళ్ళెవరు? 2008లో మొదలైన ఆ విద్యాలయాలు పల్లె పిల్లల కోసమే వచ్చాయి. సర్కారు బడి పిల్లలకు అక్కడ కొంత అదనపు వెయిటేజీ ఉంది, శ్రీకాకుళం ప్రాంగణం మనకు దగ్గర. ఆదాయ ధ్రువపత్రం కోసం తండ్రితో కలిసి గ్రామ సచివాలయానికి ఎవరు వెళ్ళాలి? వరసగా రెండు రోజులు కాలేజీకి రాకపోతే ఇంటికెళ్ళి ఎవరు అడగాలి?

డబ్బు పంపడంలోనూ చిక్కుంది. అమెరికా పౌరసత్వం తీసుకున్నాక మనమిచ్చేది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదో ముందస్తు అనుమతో ఉన్న సంస్థకే ఇవ్వాలి, అదీ ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ఖాతాకే చేరాలి. 2020 సవరణ తరవాత ఆ సంస్థ ఆ సొమ్మును ఇంకో సంస్థకు మళ్ళించడానికీ వీల్లేదు. కాలనీలో నలుగురు టీచర్లు నడుపుకునే చిన్న సంఘానికి మన డాలరు అందదు. ఇంకా ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు తమ సొంత పొదుపు బ్యాంకు ద్వారా పంపితే ఆ అడ్డు లేదు. అందుకే ఈసారి హెచ్1 వీసా మీద ఉన్న కుర్రాళ్ళను ముందు పెట్టాం.

ఈ ఏడాది మార్కుల జాబితా అడగవద్దన్నాను. అందరూ ఒప్పుకోలేదు. ప్రతిభకు విలువ లేదా అని ఒక పెద్దాయన నొచ్చుకున్నారు. ఫస్టొచ్చిన పిల్లకు స్కాలర్‌షిప్పు ఉంచుదామనీ, మిగతా సొమ్ముతో కాలేజీ నుంచి సాయంత్రం వ్యానొకటీ, ఆ కాలనీలోనే ఉండే, డిగ్రీ చదివిన ఒకమ్మాయికి జీతమూ ఏర్పాటు చేద్దామనీ చివరికి తేలింది. పదో తరగతి రాసిన ప్రతి పిల్ల ఇంటికీ ఆ అమ్మాయి వెళుతుంది. వ్యానుకు కాలనీ వాళ్ళు కూడా నెలనెలా కొంత వేసుకుంటామన్నారు. డ్రైవరు మాత్రం తమకు తెలిసినవాడే కావాలని తల్లులు పట్టుబట్టారు. ఆ డ్రైవరును వాళ్ళే చూస్తున్నారు.