రాయని తప్పు ఎవరి ఖాతాలో?

క్రికెట్ స్కోరుబుక్కు ఎప్పుడైనా శ్రద్ధగా చూశారా? బంతి ఎవరు వేశారు, ఎవరు కొట్టారు, ఎన్ని పరుగులొచ్చాయి, క్యాచ్ ఎవరు పట్టారు, అన్నీ ఉంటాయి. చేతిలో పడిన బంతిని జారవిడిచినవాడి పేరు మాత్రం ఉండదు. దానికి అసలు గడే లేదు.

నేను పుట్టి పెరిగింది ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లలో. మా తెలుగువాళ్లకి ఇక్కడ క్రికెట్ పిచ్చి ఎక్కువ. 2001 నుంచి 2003 వరకు ధోనీ ఈ స్టేషన్‌లోనే టికెట్ ఎగ్జామినరుగా పనిచేశాడు కాబట్టి గొప్పలు కూడా ఎక్కువే. క్యాచ్ జారిపోతే మావాళ్లు రెండే మాటలంటారు. ఒకటి, "వాడికింకా నూకలున్నాయిరా!" రెండోది, "ఆ వెధవ వల్లే ఓడిపోయాం!" మొదటిది తలరాత, రెండోది తిట్టు. ఈ రెంటిలో ఏది అన్నా ఆలోచన అక్కడితో ఆగిపోతుంది. నాకున్న అభ్యంతరం అదే.

నాది బి.కాం. చదువు. రక్షణ శాఖ లెక్కల్లో పనిచేసి రిటైరయ్యాను. ఏ అంకె చూసినా "ఇది ఏ పద్దు కింద రాశారు?" అన్న ప్రశ్నే ముందు వస్తుంది. క్రికెట్‌లో ఈ పద్దుల వ్యవహారం విచిత్రంగా ఉంటుంది. బై పరుగులు బౌలరు ఖాతాలో పడవు. బ్యాట్‌కి తగిలిన బంతి మీద ఇచ్చిన ఓవర్‌త్రో పరుగులు మాత్రం పడతాయి. 2019 జులై 14న ప్రపంచకప్ ఫైనల్ గుర్తుందా? చివరి ఓవర్లో గప్టిల్ విసిరిన బంతి స్టోక్స్ బ్యాట్‌కి తగిలి బౌండరీకి పోయింది. అంపైర్లు మొత్తం ఆరు పరుగులిచ్చారు. అయిదే ఇవ్వాల్సిందని అంపైరు ధర్మసేన తర్వాత ఒప్పుకున్నారు. ఆ ఆరూ వెళ్లి పడింది బౌలరు బౌల్ట్ ఖాతాలో! బంతి బ్యాట్‌కి తగలడం ఎవరి తప్పూ కాదు, అంపైరు పొరపాటుకి పద్దు లేదు. కాబట్టి దగ్గర్లో ఉన్నవాడి పేరున రాసేశారు.

అమెరికావాళ్ల బేస్‌బాల్‌లో పద్ధతి వేరు. అక్కడ స్కోరు పట్టికలో పరుగులు, హిట్ల పక్కన ఎర్రర్లకి ఒక గడి ఉంటుంది. దీని వెనక ఒక తమాషా ఉంది. ఆ స్కోరు పట్టికకు రూపమిచ్చిన హెన్రీ చాడ్విక్ 1824లో ఇంగ్లండులో పుట్టినవాడు, మొదట క్రికెట్ వార్తలు రాసిన విలేకరి. అలాంటివాడు మలిచిన పట్టికలో తప్పులకి చోటుంది, క్రికెట్‌కి మాత్రం ఇప్పటికీ లేదు.

ఎర్రర్ అవునో కాదో తేల్చేది అంపైరు కాదు, అఫీషియల్ స్కోరరు. ఆయన వేసుకోవలసిన ప్రశ్న ఒకటే. ఆ స్థాయి పోటీల్లో, ఆ స్థానంలో ఆడే సగటు ఆటగాడు మామూలు ప్రయత్నంతో ఈ బంతిని ఆపగలిగేవాడా? మైదానం ఎలా ఉంది, వాన పడుతోందా అన్నవి కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఆపగలిగేవాడే అనుకుంటే ఎర్రర్, లేకపోతే హిట్. ఎర్రర్ వల్ల వచ్చిన పరుగులు పిచ్చరు సగటులో కలవవు. ఆ తప్పు జరక్కపోతే ఇన్నింగ్స్ ఎలా సాగేదో స్కోరరు మళ్లీ లెక్క కట్టి చూస్తాడు.

ఇది చదివినప్పుడు నాకు మా ఆఫీసు నిబంధనలే గుర్తొచ్చాయి. రక్షణ శాఖలో సరుకు నష్టపోతే రెండు రకాలుగా విడదీస్తారు. దొంగతనం, మోసం, నిర్లక్ష్యం వల్ల పోయినది ఒకటి, ఆ మూడింటివల్లా కానిది ఇంకొకటి. రెండోదాన్ని రద్దు చేయడానికి అధికారులకు ఎక్కువ మొత్తం దాకా అధికారం ఉంటుంది. గోడౌన్‌లో వాననీళ్లు చేరితే అది ప్రకృతి చేసిన పనా, పైకప్పు బాగుచేయించని మనిషి చేసిన పనా? ఫైలు తేల్చాల్సింది అది.

బేస్‌బాల్ నిబంధనల్లో నాకు బాగా నచ్చినది ఇంకొకటుంది. హద్దు అవతల గాల్లోకి లేచిన ఫౌల్ బంతిని ఫీల్డరు తేలిగ్గా పట్టగలిగీ వదిలేశాడనుకోండి. తర్వాతి బంతికే బ్యాటరు అవుటైపోయినా సరే, ఆ ఎర్రర్ పుస్తకంలో ఉండాల్సిందే. నష్టం జరగలేదు కదా అని వదిలేయరు. తప్పు వేరు, నష్టం వేరు.

ఈ పద్ధతికీ లోపాలున్నాయి. ఆలోచనలో చేసిన పొరపాటుని సాధారణంగా ఎర్రర్‌గా రాయరు. అంతకంటే పెద్ద లోపం ఇంకోటి. చురుగ్గా పరిగెత్తి బంతిని అందుకోబోయి జారవిడిచినవాడికి ఎర్రర్ పడొచ్చు, నిదానంగా కదిలి దాని దరిదాపులకే రానివాడికి ఏమీ పడదు. కాగితం మీద బద్ధకస్తుడే మచ్చలేని మనిషి! 1970లలో బిల్ జేమ్స్ అనే ఆయన ఇక్కడే పట్టుకున్నాడు. ఎన్ని వదిలాడన్నది కాదు, సగటున ఆటకి ఎంతమందిని అవుట్ చేయడంలో చేయి వేశాడో చూడమన్నాడు. ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. ఫైలు ముట్టుకోనివాడి మీద ఆడిట్ అభ్యంతరం రాదు.

ఆటే కదా, ఇంత ఆలోచన దేనికి అంటారేమో. మా ఊరివాళ్లు ఆంధ్రా వెళ్లడానికి ఎక్కే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ 2023 జూన్ 2న మా ఖరగ్‌పూర్ డివిజన్‌లోనే, బహనాగా బజార్ స్టేషన్‌లో, ఆగి ఉన్న గూడ్సు బండిని గుద్దింది. 290 మందికి పైగా చనిపోయారు. అప్పుడూ అవే రెండు మాటలు. కొందరు విధి అన్నారు, కొందరు కుట్ర అని మతం రంగు పులిమారు. అలాంటి పుకార్లు మానమని ఒడిశా పోలీసులే హెచ్చరించాల్సి వచ్చింది. భద్రతా కమిషనరు విచారణలో తేలింది వేరు. డ్రైవరుకి కనిపించింది పచ్చ సిగ్నలే. గతంలో సిగ్నల్ సర్క్యూట్లను మార్చినప్పుడు జరిగిన లోపాలు, గేటు దగ్గర అప్పుడు జరుగుతున్న పనిలో లోపాలు కలిసి బండిని లూప్ లైన్లోకి పంపాయి.

అదే నివేదికలో ఇంకో వాస్తవం ఉంది. 2022 మే 16న ఇదే డివిజన్‌లోని బాంక్‌రా నయాబాజ్ స్టేషన్‌లో కూడా తప్పు వైరింగు, కేబుల్ లోపం వల్ల సిగ్నల్ ఒక దారి చూపిస్తే బండి ఇంకో దారిన పోయింది. అప్పుడే దిద్దుబాటు చేసి ఉంటే బహనాగా ప్రమాదం జరిగేది కాదని నివేదిక స్పష్టంగా చెప్పింది. అది జారిపోయిన ఫౌల్ బంతి లాంటిది. దాన్ని గట్టిగా పట్టించుకోవాల్సింది ఆ రోజునే, శవాలు లెక్కపెట్టాక కాదు.

తప్పుని రాసేది మనిషిని ఉరి తీయడానికని మనం అనుకున్నంతకాలం ఎవడూ తన తప్పు రాయడు, పక్కవాడిది రాయనివ్వడు. లెక్కల్లో తేడా రాసేది గుమాస్తాని ఏడిపించడానికి కాదు, వచ్చే నెల పుస్తకం సరిపోవడానికి. దేవుడి పద్దు కింద రాసేసిన నష్టాన్ని మళ్లీ ఎవరూ తిరగేసి చూడరు. అందుకే ఆ పద్దుని మూసేయమంటాను. మీరేమంటారు?