షాదీపూర్ బస – అంగడి మెలకువలు

విశాఖపట్నం రేవు నుండి సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రాన్ని దాటితే దక్షిణ అండమాన్ దీవిలోని పోర్టు బ్లెయిర్ చేరుకుంటాము. 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం ఈ నగరానికి శ్రీ విజయపురం అని నామకరణం చేసినప్పటికీ, జనం నోట పాత పేరే ఎక్కువగా వినవస్తున్నది. ఈ నగరంలోని ఒక పేట పేరు షాదీపూర్. సెల్యులార్ జైలును, స్వరాజ్ ద్వీప్ తీరాన్ని చూచి వచ్చే యాత్రికులు ఈ పేట గూర్చి అంతగా విని ఉండరు. మా కుటుంబం సెలవు యాత్రలో బస చేసినది ఇక్కడే.

షాదీ అనగా పెళ్ళి. 1858 మార్చిలో ఆంగ్లేయులు ఇక్కడ ఖైదీల స్థావరాన్ని నెలకొల్పారు. సత్ప్రవర్తనతో కొన్నేళ్ళ శిక్ష పూర్తిచేసిన వారికి సొంతంగా జీవనం సాగించుకొనే అవకాశాన్ని, స్త్రీ ఖైదీలను వివాహమాడే అనుమతిని ఇచ్చేవారు. ఆ పెళ్ళిళ్ళ వలననే ఈ పేటకు షాదీపూర్ అనే పేరు వచ్చిందని స్థానికులు చెప్పుకుంటారు. కులమూ, భాషా, పుట్టిన ఊరూ వేరైన దంపతులకు కలిగిన సంతతి వారే నేడు ‘లోకల్ బోర్న్’ అని పిలువబడుతున్నారు. వెయ్యి అబద్ధాలాడి అయినా ఒక పెళ్ళి చేయమన్నారు పెద్దలు. అంతేగాని, వెయ్యి అబద్ధాలాడి ఒక ముత్యాల హారం అమ్మమని మాత్రం వారెవరూ చెప్పలేదు!

ఈ మాట అనడానికి కారణమున్నది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. వీరిలో ఉత్తరాంధ్ర నుండి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఇంత దూరాన తెలుగు మాట చెవిన పడగానే ప్రాణం లేచివస్తుంది. ఆ సంతోషంలో వస్తువును పరీక్షించి చూడడం మరచిపోతాము. మా బసకు సమీపంలో టీ దుకాణం నడిపే పెద్దాయన ఒకరు శ్రీకాకుళం వారు. బజారుకు బయలుదేరుతున్న మమ్మల్ని చూచి, “బాబూ, తెలుగువాడు అమ్మినా, బెంగాలీవాడు అమ్మినా బిల్లు మాత్రం అడిగి తీసుకోండి” అని హితవు చెప్పారు. నేను ఈ వ్యాసంలో చెప్పదలచినది కూడా అంతకు మించి లేదు.

కర్మాగారంలో మనము పరీక్షా ధ్రువపత్రం లేని ఒక్క బోల్టును కూడా స్టోర్సులోనికి అనుమతించము. సెలవు మీద వెళ్ళినప్పుడు మాత్రం పేరు తెలియని వ్యాపారి వద్ద, రసీదు లేకుండా, వేల రూపాయల వస్తువు కొంటాము. తిరుగు ప్రయాణం మరునాడే అన్న సంగతి మనకూ తెలుసు, అమ్మేవాడికీ తెలుసు. యాత్రా స్థలాలలో జరిగే మోసాలకు మూలం ఇదే.

మొదట శంఖాల సంగతి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 పరిధిలోనికి 2001లో పగడపు దిబ్బల జీవులను, కొన్ని జాతుల శంఖాలను చేర్చారు. జయంట్ క్లామ్ అనే పెద్ద ఆల్చిప్ప, నాటిలస్, హెల్మెట్ శంఖం వంటివి వీటిలో ఉన్నాయి. “అందరూ పట్టుకెళ్ళేవే, ఏమీ కాదు” అని అమ్మేవాడు చెప్పవచ్చును. విమానాశ్రయపు తనిఖీలో సంచీ విప్పవలసినది మాత్రం మనమే. మొదటి షెడ్యూలులోని జీవుల విషయంలో శిక్ష మూడేళ్ళ నుండి ఏడేళ్ళ జైలు, జరిమానా అదనం. ఒడ్డున దొరికిన చచ్చిన పగడపు ముక్కను సైతం పిల్లలచే తీయించరాదు. కొనదలచిన వారు నగరంలోని ప్రభుత్వ కుటీర పరిశ్రమల విక్రయశాల ‘సాగరిక’ వంటి చోట కొని, రసీదును సామానుతో పాటే ఉంచుకొనుట మేలు.

ఇక ముత్యాలు. ముత్యాల నగరమని పేరొందిన మన హైదరాబాదులో ముత్యాలు పుట్టవు. బయటి నుండి వచ్చిన వాటికి అక్కడ బెజ్జం వేసి హారాలుగా గుచ్చుతారు. అలాగే అండమాన్‌లో అమ్మే ముత్యమంతా అండమాన్ ముత్యం కాదు. ఆల్చిప్పలో పెంచిన కల్చర్డ్ ముత్యం నకిలీది కాదు గాని, పూత పూసిన గాజు పూస మాత్రం నకిలీదే. అసలు ముత్యాన్ని పంటి అంచున మెల్లగా రుద్దితే సన్నని గరుకు తోస్తుంది, గాజు పూస నున్నగా జారిపోతుంది. అచ్చు గుద్దినట్లు అన్నీ ఒకే తీరుగా ఉండి, ధర కూడా చౌకగా ఉంటే సందేహించవలసిందే.

ముత్యాన్ని పగటి వెలుతురులోనే చూడాలి. మన దేశపు ప్రామాణిక కాలాన్ని కాకినాడ ప్రాంతం మీదుగా పోయే రేఖాంశాన్ని బట్టి లెక్కిస్తారు. అండమాన్ దానికి పది డిగ్రీలు తూర్పున ఉన్నందున అక్కడ సూర్యుడు సుమారు 40 నిమిషాలు ముందుగా నడుస్తాడు. డిసెంబరులో సాయంత్రం అయిదు దాటేసరికే చీకటి పడుతుంది. దీపాల కాంతిలో ప్రతి పూసా మెరుస్తుంది గనుక, అబర్డీన్ బజారుకు ఉదయమే వెళ్ళుట మంచిది. మా బసలోనే దిగిన ఒక కుటుంబానికి ఒక దుకాణదారు హారం చూపి, బిల్లు వద్దంటే ధర తగ్గిస్తానన్నాడట. “తగ్గించకపోయినా సరే, ముత్యం రకం వ్రాసి బిల్లు ఇవ్వండి” అని ఇల్లాలు అడుగగానే ఆ హారం తిరిగి పెట్టెలోనికి వెళ్ళిపోయింది.

2020 ఆగస్టులో చెన్నై నుండి సముద్ర గర్భంలో వేసిన సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ ప్రారంభమైన పిదప ఈ దీవులలో ఫోను ద్వారా చెల్లింపులు సులభమైనాయి. అయితే నకిలీ హోటలు వెబ్‌సైట్లకు, ఓడ టిక్కెట్ల పేరిట ముందుగా సొమ్ము అడిగే వారికి దూరం ఒక అడ్డు కాదు. గది ఖరారు చేసుకొనే ముందు హోటలుతో ఫోనులో మాట్లాడాలి. మనకు డబ్బు రావడానికి పిన్ నొక్కవలసిన పని లేదని ఇంటిల్లిపాదికీ తెలియాలి. మోసపోయినట్లు తెలిసిన క్షణమే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే సొమ్ము ఆగే అవకాశం అంత ఎక్కువ.

రసీదు ఉంటే దూరం కూడా మనకు అడ్డు కాదు. 2020 జూలై నుండి అమలులో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. పైగా ఎక్కడ కొన్నదానికైనా మనము నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చును. అయిదు లక్షల రూపాయల లోపు కొనుగోళ్ళకు రుసుము లేదు. సలహా కొరకు 1915 నంబరు ఉన్నది.

చివరగా, ఉద్యోగులమైన మనకు ప్రత్యేకంగా వర్తించే మాట ఒకటి. “టిక్కెట్టు ధర ఎక్కువ వేసి, హోటలు, భోజనం అందులోనే కలిపేస్తాము” అని కొందరు ఏజెంట్లు ఎల్.టి.సి. యాత్రికులను ఊరిస్తారు. కేంద్ర ప్రభుత్వోద్యోగులు విమాన టిక్కెట్లను బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఐ.ఆర్.సి.టి.సి. ద్వారానే కొనాలన్న నియమం ఇందుకొక కట్టుబాటు. ప్రభుత్వ రంగ సంస్థలలో ఎవరి నిబంధనలు వారికి ఉంటాయి గనుక, బయలుదేరే ముందే వాటిని చదువుకోవాలి. దుకాణదారు రసీదు ఇవ్వకపోతే మనకు పోయేది డబ్బు మాత్రమే. అబద్ధపు రసీదు పైన మనము సంతకం చేసి ఆఫీసులో సమర్పిస్తే మోసపోయినవారిగా గాక మోసగించినవారిగా నిలబడతాము. పాతికేళ్ళ సర్వీసు ముందు నాలుగు రోజుల హోటలు ఖర్చు ఏపాటిది?

అండమాన్ మనోహరమైన ప్రదేశం. అక్కడి ప్రజలు అత్యధికులు సౌమ్యులు, అతిథులను ఆదరించేవారు. నిజాయితీ గల వర్తకుడు బిల్లు అడిగితే నొచ్చుకోడు, సంతోషంగా వ్రాసి ఇస్తాడు. కావున పాఠక మిత్రులారా, నిస్సంకోచంగా వెళ్ళి రండి. పిల్లలకు సముద్రాన్ని చూపండి, షాదీపూర్ కథ చెప్పండి, కొన్న ప్రతి వస్తువుకూ రసీదు తెచ్చుకోండి.