గోడకీ రేకుకీ మధ్య అంగుళం

అమెరికాలో ఇల్లు కొని కట్టెల స్టవ్ పెట్టించుకుంటున్న మనవాళ్లు కొందరు "వెనక గోడకి టైల్స్ వేయిస్తే చాలదా?" అంటుంటారు. చాలదండీ! మనూళ్లో పొయ్యి వెనక మట్టిగోడ మసిబారుతుందంతే. అమెరికాలో చాలా ఇళ్లలో గోడ లోపల ఉండేది చెక్కే. టైల్ తను కాలదు గానీ వేడిని వెనకున్న చెక్కకి పంపేస్తుంది. ఏళ్ల తరబడి వేడి తగిలిన చెక్క తక్కువ వేడికే అంటుకోవచ్చు.

అక్కడి అగ్నిభద్రతా ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 211 ప్రకారం, సర్టిఫికేషన్ లేని స్టవ్‌కి, అలాంటి గోడకి మధ్య 36 అంగుళాలు ఉండాలి. గోడకి అంగుళం ఎడంగా ఇనప రేకు బిగించి, కిందా పైనా ఖాళీ వదిలితే 12 చాలు. వేడిగాలి పైనుంచి పోతుంటే కిందనుంచి చల్లగాలి వస్తుంది. అసలు పని ఆ ఖాళీదే. సర్టిఫైడ్ స్టవ్ అయితే మాత్రం దాని మాన్యువల్లో ఉన్న కొలతలే పాటించండి.