అత్త లెక్కల పుస్తకం

పొందూరు ఖాదీ అనగానే అందరూ నేత గురించే మాట్లాడతారు. అంతకుముందు పత్తిని వలుగ చేప దవడ ఎముకతో దువ్వి, ఏకులు చేసి, రాట్నం మీద సన్నటి నూలు వడికేది ఆడవాళ్లే.

మా మేనత్త ఆ ఊళ్లో ముప్పై ఏళ్లు తన ఇంటి అరుగు మీద కూర్చుని వాళ్ల నూలు చిలపలు కొని నేతగాళ్లకు అందించింది. బట్ట అమ్ముడుపోయేదాకా ఆగమనేది కాదు. డబ్బు ఆ రోజే, వడికినామె చేతికే. "మీ ఆయన్ని పంపకమ్మా, నువ్వే రా" అనేది. ఆమె పుస్తకంలో 'ఫలానావారి భార్య' అన్నమాట ఒక్కటీ లేదు. ప్రతి మనిషీ తన పేరుతోనే ఉంది. ఒక సెమినార్‌లో నేను దీన్ని సుస్థిర గ్రామీణ వ్యాపారానికి నమూనాగా చూపించి గర్వపడ్డాను.

అత్త పోయాక ఆ పుస్తకం నా దగ్గరికొచ్చింది. మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివాను. పత్తికీ, రాట్నాల బాగుకీ, బండి కిరాయికీ పద్దులున్నాయి. అత్త కూలికి మాత్రం లేదు. ఎవరి జీతంలేని చాకిరీ మీద ఆ వ్యాపారం అన్నేళ్లు నిలబడిందో నా పత్రంలోనూ లేదు.

ఆ పత్రాన్ని మళ్లీ రాస్తున్నాను.