రైతుకు ఈ బొమ్మల పని ఎందుకంటే



ఈ పొద్దు పోస్టు పంట మీద కాదు, ముందే చెప్తా ఉండా. పోయిన వారం అరుగు మీద కూచుని బొమ్మకు రంగు ఏస్తా ఉంటే ఒకాయన ఫోటో తీసి ఊరి గ్రూపులో పెట్టినాడు. "మామిడి రేటు పడి ఈయనకు మతి పోయింది" అని కింద ఎవరో రాసినారు. నవ్వినోళ్లు నవ్వినారు. "అదేంది మామా, ఎట్ల చేస్తావు?" అని ఫోన్ చేసి అడిగినోళ్లూ ఉండారు. అందరికీ కలిపి ఇక్కడే రాస్తా ఉండా.

అది ప్లాస్టిక్ రోబో బొమ్మ. పేరు గండమ్. జపాన్ వాళ్ల టీవీలో 1979లో వచ్చిన కార్టూన్ సీరియల్‌లోది. మా పెద్దోడు శ్రీసిటీలో జపాన్ వాళ్ల కంపెనీలో పని చేస్తాడు. అక్కడ ఒక ఇంజినీరు సొంత దేశానికి తిరిగి పోతా ఈ పెట్టె ఇచ్చినాడంట. మావోడు తెచ్చి అటక మీద పడేసినాడు. 2025 జూలైలో నేను దించినాను.

ఆ ఏడాది తోతాపురి సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఫ్యాక్టరీ 8 రూపాయలు, సర్కారు 4 రూపాయలు, కిలోకు మొత్తం 12 అన్నారు. నా ట్రాక్టరు ఒక ఫ్యాక్టరీ గేటు కాడ మూడు రోజులు నిలబడింది. అడుగున కాయలు మెత్తబడి రసం కారింది. ఇంటికొచ్చినాక నిద్ర పట్టలా. రాత్రి రెండు గంటలకు లేసి లెక్కలు ఏసేది. ఎన్నిసార్లు ఏసినా అదే అప్పు. రెండున్నర ఎకరాల తోట, పాతికేళ్ల చెట్లు. మిషన్ రంపం పెట్టించి అన్నీ కోయించేద్దామని మనసులో పడింది. ఇంట్లో ఎవరికీ చెప్పలా.

అట్లాంటి ఒక రాత్రి పెట్టె తెరిచినా. తీగకు కాయలు యాలాడినట్టు ప్లాస్టిక్ చట్రాలకు చిన్న చిన్న భాగాలు అంటుకోని ఉండాయి. ప్రతి దానికీ నంబరు. కాయితం మీద జపాన్ అక్షరాలే, ఒక్క ముక్క అర్థం కాదు. అయినా బొమ్మలు, నంబర్లు చూసుకుంటా పోతే చాలు. జిగురు అక్కర్లేదు, నొక్కితే టక్కున కూచుంటాది. కథలో ఆ రోబో ఎత్తు 18 మీటర్లు. ఇది 1/144 సైజు, అంటే పన్నెండున్నర సెంటీమీటర్లు. జానెడు కూడా రాదు.

కత్తిరింపు మాత్రం మన పనే. లావు కొమ్మను మొదట్లోనే ఒక్క దెబ్బకు కోస్తే బెరడు చీలుకోని పోతాది కదా. ముందు దూరంగా కోసి, తర్వాత మోడు తీస్తాం. ఇదీ అంతే. భాగానికి ఆనించి ఒకేసారి కత్తిరిస్తే ప్లాస్టిక్ తెల్లగా మచ్చ పడతాది. రెండు దెబ్బల్లో కత్తిరించి, మిగిలింది సన్న ఉప్పు కాయితంతో రుద్దాల.

రంగు ప్లాస్టిక్‌లోనే ఉంటాది, ఎయ్యకపోయినా నడుస్తాది. నాకు ఎయ్యాలనిపించింది. భాగాలను సబ్బు నీళ్లతో కడిగి, ఆరబెట్టి, పుల్లలకు క్లిప్పులతో తగిలించి, ఆ పుల్లలు అరటిబోదె ముక్కకు గుచ్చుతా. రంగు పల్చగా రెండు మూడు పూతలు ఎయ్యాల, ఒక పూత ఆరినాకే ఇంకోటి. చివర్లో కొట్టే స్ప్రే పూత వాన తేమలో కొడితే బూజు పట్టినట్టు తెల్లబారుతాది. అందుకే మన అక్టోబరు, నవంబరు వానల్లో ఆ పని ముట్టుకోను. మందు కొట్టేటప్పటి మాదిరే ముక్కుకు గుడ్డ కట్టుకోవాల, ఆరుబయటే కొట్టాల.

బొమ్మలు పిల్లోళ్ల పని అంటారు. మన ఊర్లల్లో భారతం జరిగితే ఆఖరు రోజు మట్టితో అంత పెద్ద దుర్యోధనుడిని చేసి రంగులు పూసేది పిల్లోళ్లా? పెద్దోళ్లే కదా. ఆ పొద్దే భీముడు తొడ పగలగొడతాడని తెలిసి కూడా మీసాలు ఎంత బాగా దిద్దుతారో చూడండి.

ఈ గండమ్ కథ ఇంకోటి నాకు నచ్చింది. సీరియల్ 52 భాగాలు అనుకున్నారంట. చూసేవాళ్లు తక్కువని 43కే కోసి 1980 జనవరిలో ఆపేసినారు. అదే ఏడాది జూలైలో బందాయ్ అనే కంపెనీ 300 యెన్లకు ఈ కిట్లు తెచ్చింది. టీవీలో మళ్లీ మళ్లీ ఏస్తా ఉంటే జనానికి పట్టింది. ఈ పొద్దుకీ అమ్ముడుపోతానే ఉండాయి. పోయిందనుకున్న దాంట్లో ఏం మిగిలి ఉంటాదో ఆ సంవత్సరమే తెలీదు.

రోజుకు గంట చొప్పున నెలకు పైనే పట్టింది. ఆ గంటసేపు లెక్కల పుస్తకం మూసే ఉండేది. వ్యవసాయంలో మన పని మనం చేసినా వాన, రేటు మన చేతిలో ఉండవు. ఇక్కడ సరిగ్గా చేస్తే చేసినట్టే నిలబడతాది. చానా రోజులకు ఒక పని పూర్తయిందని అనిపించింది.

ఒక రాత్రి మా ఇంటామె ఎదురుగా కూచుని చింతపండు గింజ తీస్తా, "నువ్వు లేసి కూచున్న రాత్రులన్నీ నేనూ మేలుకోనే ఉండా" అనింది. అప్పుడు చెప్పినా, చెట్లు కోసేద్దామనుకున్న సంగతి. తెల్లారి పిల్లోళ్లను పిలిపించి నలుగురం మాట్లాడుకున్నాం. సగం చెట్లకు తలలు కోసి, కొత్త చిగుర్ల మీద బంగినపల్లి అంటు కట్టిస్తా ఉండాం. మిగతా సగం అట్లే ఉంచినాం. బొమ్మ అప్పు తీర్చలా. మాట్లాడేటంత నిమ్మళం ఇచ్చింది.

అందరూ రోబోలు చెయ్యండని చెప్పడం లేదు. చెక్కభజన కానీ, కోలాటం కానీ, ఏదో ఒకటి చేతికి పెట్టుకోండి. రచ్చబండ మీద మాటా పలుకూ లేకుండా కూచునే మనిషి కనబడితే పక్కన కూచోండి. సెలవులకు పిల్లోళ్లు ఇంటికొస్తే వాళ్లను తీసుకోని మా ఇంటికి రండి. నా కాడ కట్టరు ఇంకోటి ఉండాది, ఇంకా తెరవని పెట్టె కూడా ఒకటి ఉండాది.